సగంలో ఆగిన అరచెయ్యి

మీ కుడి చేతిని ఒకసారి బల్ల మీద బోర్లా పెట్టండి. మోచెయ్యి కదపకుండా దాన్ని వెల్లకిలా తిప్పండి. ఏ ఆలోచనా లేకుండానే తిరిగి ఉంటుంది. నాది తిరగదు. బొటనవేలు ఆకాశం వైపు చూసే దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. గుళ్లో తీర్థం పట్టాలన్నా, బస్సులో కండక్టరు ఇచ్చే చిల్లర అందుకోవాలన్నా ఆ మిగిలిన సగం కావాలి. అన్నం ముద్ద నోటి దాకా తీసుకుపోవడానికి కూడా అదే కావాలన్న సంగతి అరవై ఏళ్లు వచ్చేదాకా నాకు తెలియనే తెలియదు.

చెయ్యి విరగడం పెద్ద వార్తేమీ కాదు. నేను కరీంనగర్‌లో ఒక దినపత్రిక డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాను. ప్రమాద వార్తల్లో చెయ్యి విరిగినవాళ్లు చివరి వాక్యంలో వచ్చేవాళ్లు. ‘మరొకరికి స్వల్ప గాయాలయ్యాయి’ అని ముగించి తర్వాతి వార్త అందుకునేవాళ్లం. ఆ చివరి వాక్యం తర్వాత ఏం జరుగుతుందో ఇప్పుడు రాస్తున్నాను. నలుగురి మధ్య కూర్చుని నా అన్నం నా చేత్తో తినగలనా లేదా అన్నదే నెలల తరబడి నన్ను తొలిచిన భయం.

ఉద్యోగం అయిపోయాక మంచిర్యాలలో స్థిరపడ్డాం. మా ఆయన ఓదేలు బొగ్గు గనిలో టింబర్‌మన్‌గా చేశాడు. గని లోపల పైకప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టే పని. మాకు పిల్లలు లేరు. మెట్‌పల్లిలో మా అన్న కూతురు స్రవంతే మాకు బిడ్డ.

నిరుడు, ఆగస్టు

శ్రావణంలో స్రవంతి శ్రీమంతానికి మెట్‌పల్లి వెళ్లాను. ఆడవాళ్ల పేరంటం కాబట్టి ఓదేలు రాలేదు. గాజులామె వచ్చి స్రవంతికి రెండు చేతుల నిండా పచ్చగాజులు వేసింది. తర్వాత మా అందరికీ వరసగా. నా చేతికి సబ్బు నీళ్లు రాసి, వేళ్లన్నీ ఒక్క చోటికి నొక్కి, బిగుతైన గాజులు ఎక్కించింది. “వదులు గాజులు అందం గావు అక్కా” అంది.

మా వదిన రాజవ్వ వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తోంది. మూడేళ్ల కింద మా అన్న పోయినప్పటి నుంచి ఆమె శుభకార్యాల్లో పీట దగ్గరకు రాదు. సొంత కూతురి శ్రీమంతంలో కూడా ఆమె పని వంటింట్లోనే.

వాకిట్లో కాళ్లు కడుక్కునే చోట నేల తడిగా ఉంది. పసుపు కుంకుమల పళ్లెం లోపల పెట్టి తిరిగి వస్తూ జారాను. ఎత్తు నుంచి కాదు. నిలబడ్డ మనిషిని నిలబడ్డచోటే పడ్డాను. చెయ్యి ఆనించాను. ఎముక చప్పుడు నాకు వినబడలేదు. గాజుల చప్పుడు మాత్రం ఇల్లంతా వినబడింది.

అందరూ ఒక్కసారి నా చేతి వైపు చూశారు. ఒకావిడ అడిగింది, “ఎన్ని పలిగినయ్?”

“మంచి పూట ఆ మాటెందుకే నీకు! నోర్మూసుకో” అని ఇంకో పెద్దావిడ కసిరింది. రెండు గాజులు పోయాయి. మిగిలినవి మణికట్టు మీద అలాగే ఉన్నాయి. ఎవరో నన్ను లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. చెయ్యి అప్పటికే నాది కానట్టు ఉంది.

వీధి చివర చిన్న దవాఖానకు తీసుకెళ్తే అక్కడి కాంపౌండరు చూసి, “వాపు పెరుగుతది. గాజులు తియ్యాలె. రాకుంటె కొయ్యాలె” అన్నాడు.

“కొయ్యుడు లేదు, గియ్యుడు లేదు” అంది వదిన. “శ్రీమంతం గాజులు. ఇయ్యాల్నే ఏసుకున్నది. ఆమె పెనిమిటి సల్లగ ఉన్నడు. తెల్లారి చూద్దాం.”

ఆరోగ్య పేజీకి ఎన్నో వ్యాసాలు దిద్దిన మనిషిని, నేనూ తెల్లారి చూద్దామనే అన్నాను. వదిన గొంతులో ఏదో ఉంది. దానికి ఎదురు చెప్పాలనిపించలేదు. గుడ్డు సొన, పసుపు కలిపి పట్టు వేసి, పాత చీర ముక్కతో కట్టు కట్టారు.

తెల్లారేసరికి వేళ్లు వంకాయ రంగుకు తిరిగాయి. ఫోన్ చేస్తే ఓదేలు మొదటి బస్సుకే బయలుదేరి జగిత్యాల మీదుగా వచ్చాడు. కట్టు విప్పి చూశాడు.

“ఏందే సుగుణా గిది? చెయ్యా, సొరకాయా?” అన్నాడు. వెంటనే పట్టకారు, తడిగుడ్డ అడిగాడు.

వదిన అడ్డం నిలబడింది. “అన్నా, ఎట్ల పలగ్గొడ్తవు? నువ్వు సల్లగ ఉండాలనే గద అవి.”

“ఉన్న గద చెల్లె, నీ ముంగట్నే ఉన్న. గని కింద గన్ని ఏండ్లు బండ నా మీద పడకుంట గీ గాజులే ఆపినయ్ అనుకుందాం. మంచిదే. ఇగ నేను మీదికొచ్చిన, రిటైరైన. వాటికి గూడ రిటైర్మెంటియ్యి.”

ఏడుపు మధ్యలో నాకు నవ్వొచ్చింది. ఒక్కో గాజుకూ తడిగుడ్డ చుట్టి, పట్టకారుతో చిన్నగా నొక్కుతుంటే, వదిన గోడ వైపు తిరిగి చెవుల మీద కొంగు కప్పుకుంది. అప్పుడు అర్థమైంది నాకు. మా అన్న పోయిన పదో రోజున ఆమె రెండు చేతుల గాజులు పలగ్గొట్టారు. నేను పక్కనే ఉన్నాను. ఆ చప్పుడు ఇంకోసారి వినలేకే ఆమె ముందురోజు నా చేతికి అడ్డం పడింది.

సెప్టెంబరు

కరీంనగర్‌లో ఎముకల డాక్టరు సిమెంటు కట్టు వేశాడు. నా వైపు కాకుండా ఎక్స్‌రే వైపు చూస్తూ మాట్లాడాడు. “చెయ్యి విరగడం కాదమ్మా, ఇంత చిన్నగా పడితే విరగడం ఆలోచించాల్సిన విషయం” అన్నాడు. వేరే పరీక్ష చేయించారు. ఎముకలు గుల్లబారాయన్నారు. లోపల ఎప్పటి నుంచో అరుగుతూ వస్తున్నాయట. నాకు ఏ నొప్పీ లేదు, ఏ సూచనా లేదు.

ఓదేలు ఆ మాట విని, మెట్లు దిగేటప్పుడు అన్నాడు, “గనిల పైకప్పు గూడ కూలే ముందర చప్పుడు చేస్తది. కర్రలు కిర్రుమంటయ్. మనిషికి ఉరుకుటానికి జర టైమిస్తది. నీ బొక్కలు గదన్న చెయ్యలేదు.”

నాకు మా అవ్వ గుర్తొచ్చింది. చివరి రోజుల్లో నడుము వంగిపోయి, చీర కుచ్చిళ్లు నేలకు తగిలేవి. ముసలితనం అనుకున్నాం. ఆమె పొట్టిదైపోతున్నా ఎవరమూ దవాఖానకు తీసుకుపోలేదు. ఆమెకు వినబడని చప్పుడే నాకూ వినబడలేదు.

ఆ దవాఖాన వరండాలో కూర్చున్న రోజుల్లో నాకు తెలిసిన విషయం, నాలాంటి కట్లు ఎన్నో ఉన్నాయని. అందరూ ఆడవాళ్లే, దాదాపు నా వయసువాళ్లే. బాత్రూంలో జారినవాళ్లు, ఆటో దిగుతూ పడ్డవాళ్లు. ఒకరోజు చెన్నూరు నుంచి వచ్చినామె నా పక్కన కూర్చుంది. ఆమెదీ కుడి చెయ్యే.

“నువ్వేం పని చేస్తవక్కా?” అని అడిగింది.

“పత్రికల రాసేదాన్ని.”

“అయితె నీది రాసే చెయ్యి. నాది పత్తి ఏరే చెయ్యి. పత్తి పగిలే యాళ్లకు కట్టు ఇప్పుతరో లేదో.” ఆమె ముఖంలో పరేషాన్ కన్నా కోపం ఎక్కువుంది. చెయ్యి మీద కోపం.

నాకు దాహం వేసి నీళ్ల సీసా తీశాను. మూత రాలేదు. మోకాళ్ల మధ్య పెట్టి తిప్పబోతే సీసా జారిపోయింది. ఆమె తన ఎడమ చేత్తో సీసాను గట్టిగా పట్టుకుంది. నేను నా ఎడమ చేత్తో మూత తిప్పాను. ఇద్దరం తాగాం. లోపలి నుంచి పేరు పిలిస్తే ఆమె లేచి వెళ్లిపోయింది. పేరు అడగడం మర్చిపోయాను. ఇన్నేళ్లూ అందరి పేర్లూ ఊర్లూ రాసుకున్నదాన్ని.

ఇంటి దగ్గర నాకు రాజభోగం. చెంబు కూడా ఎత్తనిచ్చేవాడు కాదు ఓదేలు. వేలు కదిపితే, “ఊకో! లోపట అతుకుతున్నది, కదిలియ్యకు” అని గద్దించేవాడు. రెండు పూటలా కలిపి తినిపించేవాడు. ముద్దలు పెద్దవి. ఎందుకంత పెద్దవని అడిగితే, “గని కింద టిఫిన్ గిట్లనే తింటం, సైరన్ కూతెయ్యక ముందే ఒడవాలె” అనేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాకు ముద్ద పెట్టింది లేదు. నేనూ హాయిగా నోరు తెరిచాను.

ఆ ప్రేమ వల్లే వేళ్లు కర్రలయ్యాయి. రెండోసారి పోయినప్పుడు డాక్టరు మందలించాడు. కట్టు బయట ఉన్న వేళ్లను మొదటి రోజు నుంచే ఆడించాలని ఆయన చెప్పే ఉన్నాడు. భయంలో ఆ మాట మేమిద్దరం వినలేదు. పైగా వాపు దిగాక, గుల్లబారిన ఎముక కట్టులోపలే కొంచెం పక్కకు జరిగి అతుక్కుందన్నాడు. ఆపరేషన్ చేసి సరిచేయొచ్చు, కానీ ఈ ఎముకకు మేకులు ఎంత బాగా పట్టుకుంటాయో చెప్పలేనన్నాడు. వద్దనుకున్నాం. ఆ నిర్ణయం సరైందో కాదో ఇప్పటికీ అప్పుడప్పుడు నాలో నేనే వాదించుకుంటాను.

అక్టోబరు

కట్టు విప్పాక బయటపడ్డ చెయ్యిని చూసి ఎవరిదో అనుకున్నాను. సన్నగా, పొట్టు రాలుతూ, మణికట్టు దగ్గర వంగిన గరిటెలా ఉంది. ఇంటికొచ్చి పళ్లెం ముందు కూర్చున్నాను. చారన్నం కలుపుకున్నాను. కలపడం వచ్చింది. ఎత్తడం కూడా వచ్చింది. నోటి దగ్గరికి వచ్చేసరికి అరచెయ్యి తిరగలేదు. చారు మోచేతి దాకా కారింది, మెతుకులు ఒళ్లో పడ్డాయి. ఓదేలు చూసి, చూడనట్టు టీవీ శబ్దం పెంచాడు.

ఎడమ చేత్తో చెంచా పట్టడం నేర్చుకున్నాను. ఇంట్లో సరే. నలుగురిలో ఎడమ చేత్తో తినడం మన దగ్గర ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. దసరా తర్వాత ఒక పెళ్లిలో చెంచా అడిగితే, ఎదురుగా కూర్చున్న దూరపు చుట్టం నవ్వింది. “పేపర్ల పని చేసి దొరసానైంది సుగుణ. చెంచ లేంది ముద్ద దిగది.” నేనూ నవ్వాను. పెరుగు తినకుండానే లేచాను. ఆ తర్వాత పెళ్లిళ్లకు పోవడం మానేశాను. పోయినా ఉపవాసమని చెప్పేదాన్ని. నేను ఇన్ని ఉపవాసాలు చేస్తానని దేవుళ్లకు కూడా తెలిసి ఉండదు.

స్రవంతికి మగపిల్లాడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజుకు రమ్మంటే జలుబని అబద్ధమాడాను. ఆ పిల్ల ఫోన్లో ఏడ్చింది.

“నీ చెయ్యి సంగతి నాకెర్కనే అత్తా. నా పేరంటంల పడ్డవు. నువ్వు గిట్ల ఇంట్ల కూసుంటె నాకెట్లుంటది? సరే, పిలగానికి ముద్ద ముట్టిచ్చే నాటికన్న రా. చెంచ తోటి గాదు. మనింట్ల, అందరి పక్కన కూసొని నువ్వు తినాలె, నేను చూడాలె.”

అన్నప్రాశన ఎండాకాలంలో వస్తుంది. వస్తానని మాటిచ్చాను. ఇచ్చాక భయమేసింది.

చలికాలం

చలి మొదలవగానే మణికట్టులో ఎవరో సన్నటి తీగ లాగుతున్నట్టు ఉండేది. చేతి కంటే పెద్ద కష్టం ఇంకోటి వచ్చింది. మళ్లీ పడతానన్న భయం. ఈసారి తుంటి విరిగితే మంచం దిగనేమో. నేల తడిగా కనబడితే అక్కడే ఆగిపోయేదాన్ని. గడప దాటడానికి గోడ పట్టుకునేదాన్ని.

నా భయం చూసి ఓదేలు ఇల్లంతా మార్చేశాడు. చాపలు ఎత్తేశాడు. బాత్రూంలో, మెట్ల దగ్గర, మంచం పక్కన ఇనుప కడ్డీలు బిగించాడు. చివరకు తులసి కోట దగ్గర కూడా ఒక కర్ర పాతాడు. నేను లేస్తే లేచేవాడు. ఒకరోజు వంటింట్లోకి పోతుంటే వెనక నుంచి, “పైలం, పైలం” అని జాగ్రత్తలు చెప్పాడు. నాకు పిచ్చి కోపం వచ్చింది.

“నేను మనిషిని! నీ గనిని గాదు. ఎక్కడ జూసినా దుంగలు పాతుతున్నవ్!”

ఆయన గడప దగ్గరే ఆగాడు. తర్వాత చెప్పాడు, “దుంగ పెట్టకుంట వదిలిపెట్టిన చోట కూలుడు జూసిన సుగుణా. పెట్టకుంట వదిలిపెట్టుడు నాకు రాదు.”

ఆ రోజు ఇద్దరం వేరువేరుగా తిన్నాం. మర్నాడు తులసి దగ్గరి కర్ర పీకేశాడు. మిగిలినవి ఉన్నాయి. ఇప్పుడు వాటిని పట్టుకుంటాను కూడా.

మంచిర్యాలలోనే ఒక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరకు వెళ్లడం మొదలుపెట్టాను. చిన్న పిల్ల, మాటకారి. గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి పెట్టించి, తర్వాత సుత్తె పిడి చేతికిచ్చి, దాని బరువుకే చెయ్యి అటూ ఇటూ ఒరిగేలా చేయించేది. ఓదేలు సంబరంగా గనిలో వాడిన సుత్తె తెచ్చాడు. “బాపూ, ఆమె చెయ్యి తిప్పాలె, గోడ కూల్చుడు గాదు” అందా పిల్ల. ఇంట్లో పప్పు గుత్తితో చేశాను. మెత్తటి బంతి పిసకమంటే జొన్నపిండి పిసికాను. పిండి నేను పిసికితే రొట్టె ఓదేలు కొట్టేవాడు, ఎందుకంటే అరచేతి మీద బరువు వేస్తే నాకు ప్రాణం పోయేది. ఆయన రొట్టెలు బండల్లా వచ్చేవి. అవి తుంచడం కూడా నాకు ఒక వ్యాయామమే.

ఫాల్గుణంలో ఆ పిల్ల ఒక మాట చెప్పింది. “అమ్మా, ఒక్కటి చెప్త, ఫికర్ చెయ్యద్దు. చెయ్యి ఇంకింత తిరగది. ఇక మీరే చెయ్యి చుట్టు తిరగాలె.”

ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. తర్వాత పళ్లెం పెట్టుకుని కూర్చున్నాను. అరచెయ్యి రాకపోతే మోచెయ్యి రావాలి. దాన్ని పక్కకు, పైకి ఎత్తితే వేళ్లు అడ్డంగా నోటి దగ్గరికి వస్తున్నాయి. కోడి రెక్క ఎత్తినట్టు ఉంది అద్దంలో. గట్టి ముద్దయితే నిలుస్తోంది. పప్పు సరే, పచ్చడి సరే. చారు మాత్రం కారుతూనే ఉంది.

మే

ఈ వ్యాసం చదివేవాళ్లలో నా వయసు ఆడవాళ్లు ఉంటే మూడు మాటలు చెప్పి ముందుకు పోతాను. నెలసరి ఆగిపోయి కొన్నేళ్లయితే, ఇంట్లో అవ్వకో అత్తకో నడుము వంగి ఉంటే, పడేదాకా ఆగకుండా ఒకసారి ఎముకల సంగతి డాక్టర్ని అడగండి. చెయ్యికి దెబ్బ తగిలిన నిమిషమే గాజులు, ఉంగరాలు తీసేయండి. కట్టు వేశాక డాక్టరు కదపమన్న వేళ్లు కదపండి, ఇంట్లోవాళ్లు ఎంత ప్రేమగా వద్దన్నా. నాకు ఇప్పుడు ఎముకలకు మందు నడుస్తోంది. దాని ఫలితం ఇంకో ఎముక విరగకపోవడమే కాబట్టి, అది పనిచేస్తున్నదని తెలిసే దారి లేదు. నమ్మి వాడుతున్నాను.

మాటిచ్చినట్టే అన్నప్రాశనకు ఇద్దరం మెట్‌పల్లి పోయాం. బస్టాండు దగ్గర గాజులు కొన్నాను. వేళ్లు ఒక్క చోటికి రావు కాబట్టి కుడి చేతికి ఎడమ చేతి కంటే పెద్ద సైజు తీసుకోవాలి. ఆ వదులు గాజు జారి వచ్చి, మణికట్టు మీద ఎముక వంకరగా అతికిన గడ్డ దగ్గర ఆగుతుంది.

పిల్లాడికి పాయసం నాకించారు. వాడు మొదట ముఖం చిట్లించి, తర్వాత మేనమామ వరసైనవాడి వేలు వదల్లేదు. అందరూ నవ్వారు. ముందు గదిలో చాపలు పరిచి, మోదుగాకు విస్తర్లు వేస్తున్నారు. ఉపవాసమని చెప్పడానికి నోరు తెరిచాను.

వదిన ఒక విస్తరి తీసుకుని పంక్తి చివరకు పోయింది. కుడి చివర. దానికి అవతల ఎవరూ కూర్చునే వీలు లేదు, తలుపు తెరిచి ఉంది. అక్కడ విస్తరి వేసి నన్ను పిలిచింది.

“ఇటు రా సుగుణా. గా పక్క ఖాళీనే.”

ఎప్పుడు చూసిందో తెలియదు. ఎలా తింటున్నానని ఒక్కసారి ఫోన్లో అడిగింది, అంతే. నా మోచెయ్యి ఎటు లేస్తుందో ఆమె లెక్కేసి పెట్టుకుంది.

నేను కూర్చోలేదు. “నా ఎడమ పక్కన నువ్వు కూసుంటెనే కూసుంట వదినె.”

ఆమె వంటింటి వైపు చూసింది. పంక్తిలోని పెద్దాళ్ల వైపు చూసింది. బోసి చేతులు కొంగులోకి తీసుకుంది. “శుభం పూట నేనెందుకే పంక్తిల. నువ్వు తిను, నేను వడ్డిస్త.”

“నా చెయ్యి జూసి నవ్వేటోళ్లున్నరు. నువ్వు పక్కన లేకుంటె నాతోని గాదు.”

అప్పటికే అందరూ మమ్మల్ని చూస్తున్నారు. స్రవంతి నా పక్కన రెండో విస్తరి తెచ్చి వేసింది. వదిన కాసేపు దాన్నే చూసి, మెల్లగా కూర్చుంది. మూడేళ్ల తర్వాత.

పప్పు వేశారు. ముద్ద గట్టిగా చేసి మోచెయ్యి లేపాను. సగం విస్తరిలో పడింది, సగం నోట్లోకి పోయింది. ఎదురు వరుసలో ఎవరో ఏదో అన్నారు.

“దిక్కులు సూడకు” అంది వదిన, తన విస్తరి మీది నుంచి కళ్లెత్తకుండానే. “మోచెయ్యి ఎటన్న పోనియ్యి. అటు ఎవ్వలు లేరు. తిను.”

రెండో ముద్ద పూర్తిగా పోయింది. మూడోదీ పోయింది. కుడి చేతి గాజు ముందుకు జారి గడ్డ దగ్గర ఆగుతోంది, మళ్లీ వెనక్కి పోతోంది. పక్కన వదిన కూడా తింటోంది, పొద్దుటి నుంచి ఏమీ తినని మనిషిలా.

స్రవంతి చారు గిన్నె పట్టుకుని మా దగ్గరికి వచ్చి ఆగింది. నా విస్తరి చూసి, గొంతు తగ్గించి అడిగింది, “చారు నీకద్దు గదా అత్తా? ఇంకింత పప్పు తేవాల్నా?”

అన్నం మధ్యలో వేళ్లతో గుంట చేశాను.

“పొయ్యి బిడ్డా” అన్నాను. “కారితె కారనియ్యి.”